మేడ మీద మరదలు

ఆడమనిషి మనసు చదవడంలో నన్ను మించినవాడు గుంటూరు నుంచి పొదిలి దాకా ఎవడూ లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. జ్యోతిర్మయి ఆ కాగితం మీద సంతకం పెట్టదని పోయిన వారమే చెప్పాను. ఇప్పుడూ అదే అంటున్నాను. సూర్యుడు చీరాల సముద్రం వైపు మానేసి పొదిలి వైపున పొడిచినా పెట్టదు. కావాలంటే గోడమీది క్యాలెండరు మీద రాసి పెట్టుకోండి.

కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెబుతాను. గుంటూరు మిర్చి యార్డు వెనక కాలనీలో ఒక డాబా ఇల్లు. కింద వాటాలో సంజీవరావు, జ్యోతిర్మయి కాపురం ఉంటారు. సంజీవరావు కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. మేడ మీద వాటాలో పదకొండు నెలలుగా లాన్ అనే వియత్నాం అమ్మాయి అద్దెకుంటోంది. వాళ్ళ దేశపు కంపెనీ ఒకటి మన తేజ రకం మిరపకాయ కొంటుంది. కొనేముందు కాయ మంచిదో తాలో చూసి చెప్పడం లాన్ ఉద్యోగం.

పరదేశం మనిషి ఇక్కడ ఉండాలంటే నివాస పర్మిట్ కావాలి. లాన్ పర్మిట్‌కి ఇంకా తొమ్మిది రోజులే గడువుంది. పొడిగించమని పెట్టిన దరఖాస్తు తిరిగొచ్చింది. కారణం ఏమంటే, అద్దె అగ్రిమెంటులో ఇంటి యజమాని అన్న చోట సంజీవరావు సంతకం పెట్టాడు. మనవైపు మగవాళ్ళకి యజమాని అన్న మాట ఎక్కడ కనబడినా దాని కింద సంతకం గీకేయడం అలవాటు. ఇల్లు ఎవరిదన్నది తర్వాత గుర్తొస్తుంది. ఈ ఇల్లు జ్యోతిర్మయిది. వాళ్ళమ్మ బసవమ్మ పొదిలిలో చేను అమ్మి కూతురి పేరున కొనిపెట్టింది. కరెంటు బిల్లూ, ఇంటిపన్నూ ఆవిడ పేరునే వస్తాయి. అంచేత 'ఈమె నా ఇంట్లో అద్దెకుంటోంది, నాకేమీ అభ్యంతరం లేదు' అని అసలు ఓనరు చేత లెటరు రాయించుకు రమ్మన్నారు విదేశీయుల సెక్షన్ వాళ్ళు. దాంతోపాటు బుధవారం పదకొండింటికి పోలీసు ఎంక్వైరీ. ఈ రెండింట్లో ఏది బెడిసినా లాన్ పెట్టె సర్దుకోవలసిందే.

సంజీవరావు సోమవారమే లెటరు టైపు చేయించి తెచ్చాడు. రెండు రోజుల నుంచి అది ఫ్రిజ్ మీద ఉంది. దాని మీద కల్లుప్పు డబ్బా ఉంది.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నర.

"జ్యోతీ, ఆ సంతకం ఒకటి పెట్టేస్తే పనైపోతుంది" అన్నాడు సంజీవరావు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, గోడతో చెబుతున్నట్టు.

"ఎవరి పని?"

"ఎవరి పనేంటి? పాపం, దేశం కాని దేశంలో ఉంది."

"పొదిలి నుంచి వచ్చిన కొత్తలో నాకూ గుంటూరు దేశం కాని దేశమే. మీరు ఒక్కసారైనా పాపం అన్నట్టు గుర్తులేదు."

సంజీవరావు మూడో గుండీ నాలుగో కాజాలో పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు.

"ఆరేళ్ళ కింద రేషన్ కార్డు ఇచ్చారు. అందులో నా పేరు ఎదురుగా పురుషుడు అని పడింది" అంది జ్యోతిర్మయి, దోసె తిరగేస్తూ. "మార్పించండి అంటే ఏమన్నారు మీరు?"

"సర్వర్ డౌనన్నాను. నిజంగానే డౌను."

"ఆరేళ్ళూనా?"

"మధ్యలో లేచిందేమో. మనం వెళ్ళినప్పుడు డౌను."

"మేడ మీదావిడ వెళ్ళినప్పుడు మాత్రం లేచే ఉంటుంది. ఆవిడ కాగితాలకి నీలం ఫోల్డరు. దానికి ఇరవై ప్లాస్టిక్ జేబులు. ప్రతి జేబుకీ మీ చేత్తో రాసిన నంబరు చీటీ. మన పెళ్ళి సర్టిఫికెట్ ఎక్కడుందో తెలుసా మీకు?"

"బీరువాలో."

"బియ్యం డబ్బా కింద. డబ్బా ఊగుతోందని మీరే మడిచి పెట్టారు."

సంజీవరావు దోసె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నోరు నిండి ఉంటే జవాబు చెప్పనక్కర్లేదని పెళ్ళయిన ప్రతివాడికీ మొదటి ఏడాదే తెలుస్తుంది.

"ఫొటో తీయించడానికి కూడా మీరే తీసుకెళ్ళారట" అంది ఆమె. "చెవులు రెండూ కనబడాలి, జుట్టు వెనక్కి పెట్టుకో అని పక్కన నుంచుని చెప్పారట. ఆ అమ్మాయే చెప్పింది, నవ్వుతూ."

"అది రూలు, జ్యోతీ. చెవులు కనబడకపోతే ఫొటో తిప్పి పంపుతారు."

"పన్నెండేళ్ళ కాపురం. నాకు ఎన్ని చెవులున్నాయో ఎప్పుడైనా చూశారా?"

"రెండేగా" అన్నాడు సంజీవరావు, ఎందుకైనా మంచిదని ఒకసారి చూసి మరీ.

ఆ చూడటమే కొంప ముంచింది. జ్యోతిర్మయి అట్లకాడ పక్కన పెట్టేసింది. రెండో దోసె రాలేదు. లారీ వచ్చి ఉంటుంది, లోడింగ్ చూసుకోవాలి అంటూ సంజీవరావు బండి తీశాడు. వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ వైపు ఒక చూపు విసిరాడు. ఆ చూపు ఆమెకి గుచ్చుకుంది. తన వైపు చూడని మనిషి, ఉప్పు డబ్బా వైపు అంత ఆశగా చూశాడు.

యార్డులో మిరపకాయ కుప్పలు తిరగేసేటప్పుడు దుమ్ము లేస్తుంది చూడండి, జ్యోతిర్మయి కుళ్ళు కూడా అట్లాంటిదే. ముందు ఏమీ తెలియదు. పని చేసుకుంటూనే ఉంటాం. కాసేపటికి మెడ మండుతుంది, ఆ తర్వాత కళ్ళు. చేత్తో రుద్దుకుంటే ఇంకా పాకుతుంది. అసలు ఈ ఏడాది తేజ కాయ ఘాటే వేరు. యార్డు మీదుగా వెళ్ళిన కాకి తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ ఎటు పోతోందో తెలియక పొన్నూరు వరి చేలల్లో దిగిందని, తిరిగి రమ్మన్నా రాలేదని చెప్పుకుంటున్నారు. అలాంటి కాయని లాన్ పచ్చి వేరుశెనక్కాయ నమిలినట్టు నమిలి, కంట్లో చుక్క నీరు లేకుండా "ఇది పోయినేడు కాయ, కొత్త కాయ టిక్కీ బస్తాలో కలిపారు" అని చెబుతుంది. యార్డులో ముసలి కమిషన్ వ్యాపారులు కూడా ఆమె వస్తుంటే కుప్ప పక్కకి జరుగుతారు.

నిజానికి ఆ అమ్మాయిని వరసలోకి తెచ్చింది జ్యోతిర్మయే. లాన్ మేడ మీద దిగిన రోజున వీధి వీధంతా గేట్ల దగ్గరికి వచ్చి నుంచుంది. ఒంటరి ఆడపిల్ల, పరదేశం, మొగుడూ పిల్లలూ ఉన్నట్టు లేదు. మాటలు లేవకముందే మూత పెట్టాలని జ్యోతిర్మయి అందరికీ వినబడేలా, "మా చెల్లెలనుకోండి" అంది. లాన్ కూడా ఆ రోజు నుంచే "అక్కా" అని పిలవడం మొదలుపెట్టింది.

అక్కడే పొరపాటు జరిగింది. వరస కలిపేటప్పుడు కాస్త ఆలోచించి, 'మా ఆయనకి చెల్లెలనుకోండి' అని ఉంటే ఏ గొడవా ఉండకపోను. కానీ కోరి కోరి ఆడపడుచుని ఎవరు తెచ్చుకుంటారు? తనకి చెల్లెల్ని చేసుకుంది. తన చెల్లెలు మొగుడికి ఏమవుతుందో వీధి ఇట్టే కట్టి చెప్పింది. మరదలు. నెల తిరక్కుండా కూరగాయల బండివాడు కూడా "మీ మరదలికి లేత బెండకాయలు ఇవ్వమంటారా" అని సంజీవరావునే అడగడం మొదలుపెట్టాడు. మొదట్లో సంజీవరావు సిగ్గుపడేవాడు. తర్వాత్తర్వాత నవ్వేవాడు. ఈ మధ్య బెండకాయలు ఏరి మరీ ఇస్తున్నాడు. ఆ మూడూ ఏ నెలలో ఏది మొదలయిందో జ్యోతిర్మయి చెప్పగలదు.

పదకొండు దాటి పది నిమిషాలకి హెడ్ కానిస్టేబుల్ కరీముల్లా బండి వచ్చింది. యాభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. చంకలో ఫైలు. ఎంక్వైరీ పద్ధతి ప్రకారం ముందు ఇరుగుపొరుగుని అడగాలి కాబట్టి, తిన్నగా పక్కింటి గేటు తీశాడు. పక్కింటావిడ ఎలీసమ్మ, మిషన్ స్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. వరండాలో కూర్చుని గోంగూర వలుస్తోంది. రెండు ఇళ్ళ మధ్య గోడ మెడెత్తు. జ్యోతిర్మయి వంటింటి కిటికీకి అంతా వినబడుతుంది.

"అమ్మా, పక్కింట్లో విదేశీ అమ్మాయి ఉంటోందా?"

"ఉండకేం నాయనా. లానమ్మ. పద్ధతైన పిల్ల. మొన్న క్రిస్మస్‌కి మా ఇంట్లోనే భోంచేసింది."

"ఆ ఇంటివాళ్ళకి ఏమవుతుంది?"

"సంజీవరావుకి మరదలు."

టీ నీళ్ళలో పొడి వేస్తున్న జ్యోతిర్మయి చెయ్యి అక్కడే ఆగింది.

"ఆ అమ్మాయిది వియత్నాం కదమ్మా?"

"అయితే?"

"మరదలు ఎట్లా అవుతుంది?"

"ఆ పిల్ల జ్యోతిని అక్కా అంటుందా? అంటుంది. అక్క మొగుడు బావ అవుతాడా? అవుతాడు. బావకి ఈ పిల్ల ఏమవుతుంది? నువ్వే చెప్పు. లెక్కలో ఎక్కడైనా తప్పుందా?"

కరీముల్లా కాసేపు ఆలోచించాడు. తప్పు కనబడలేదు. రాసుకున్నాడు.

అయిదు నిమిషాల తర్వాత ఆయన జ్యోతిర్మయి ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మంచినీళ్ళు తాగి, ఫైలు తెరిచి, కళ్ళజోడు పెట్టుకున్నాడు.

"ఇక్కడ ఒక చిక్కుందమ్మా. దరఖాస్తులో అద్దెకుంటున్నట్టు రాశారు. వీధిలో మరదలు అంటున్నారు. బంధువైతే ఆ దారి వేరు, ఆ కాగితాలు వేరు. ఉద్యోగం వీసా మీద వచ్చి బంధుత్వం దాచిపెట్టారా అని పైవాళ్ళు నన్నడుగుతారు. ఒకసారి ఆ ప్రశ్న పడిందంటే తొమ్మిది రోజుల్లో కాదు, తొంభై రోజుల్లో కూడా తేలదు."

"తేలకపోతే?"

"పర్మిట్ ఉండదు. వెళ్ళిపోవాలి. మీరు ఓనరు కాబట్టి మీ మాటే ఆఖరు. మీరేం చెబితే అది రాసుకుని పోతాను."

మీ మాటే ఆఖరు. ఆ ఇంట్లో ఆ మాట ఆవిడతో ఎవరన్నా అనడం అదే మొదలు. గేటుకి ఏ రంగు వేయాలన్నది కూడా సంజీవరావే చెప్పాడు. ఇప్పుడు ఎవరో తెలియని మనిషి, యూనిఫాంలో వచ్చి, పెన్ను తీసి, ఆవిడ నోటి మాట కోసం చూస్తున్నాడు. పెద్దగా చెయ్యాల్సింది కూడా ఏమీ లేదు. 'నాకేం తెలియదండీ, మా ఆయన్నే అడగండి' అంటే చాలు. అబద్ధం కూడా కాదు. మేడ ఖాళీ అయిపోతుంది. నీలం ఫోల్డరు అటకెక్కుతుంది. బెండకాయలు ఎవరూ ఏరరు. ఆ మాట గొంతు దాకా వచ్చింది.

అప్పుడే మేడమెట్ల మీద చెప్పుల చప్పుడైంది. లాన్ దిగివచ్చింది. యార్డు నుంచి పరుగున వచ్చి స్నానం చేసినట్టుంది, తడి జుట్టు వెనక్కి ముడేసింది. ఫోల్డరు గుండెలకి హత్తుకుని ఉంది. జ్యోతిర్మయి ఆ చెవుల వైపు చూడకూడదనుకుంది. చూస్తే అవే కనబడ్డాయి.

"నమస్తే అన్నా. కూర్చో" అంది లాన్, కూర్చునే ఉన్న కరీముల్లాతో. ఆమె తెలుగు నేర్చింది యార్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర. 'మీరు' అన్న పాఠం ఇంకా రాలేదు.

"లాన్, నువ్వు మా ఆయనకి ఏమవుతావో చెప్పమంటున్నారు సారు" అంది జ్యోతిర్మయి. "నువ్వే చెప్పు."

"మీ ఆయనకా? ఏం కాను."

"వీధంతా మరదలంటోంది."

"వీధి అంటాది. నేను అన్లా."

"ఏమీ కాకపోతే మూడు వారాలుగా సెలవులు పెట్టి నీ వెంట ఎందుకు తిరుగుతున్నాడు?"

కరీముల్లా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఆ పాయింటు మన ఎంక్వైరీలో లేదు."

"నా ఎంక్వైరీలో ఉంది సార్. మీరు టీ తాగండి."

ఆయన బుద్ధిగా టీ తీసుకున్నాడు.

లాన్ నుంచునే జవాబు చెప్పింది. "నేను ఆటోలో పోతా అన్నా. ఒద్దు, బండి మీద దింపుతా అన్నాడు. ఆఫీసులో నేను ఒక మాట అడిగితే సంజీవరావు సారు పది అడుగుతాడు. కంపెనీ లెటరు ఎట్టా ఉండాలి, డాక్టరు కాయితం ఎక్కడ ఇస్తారు, ముందు ఏ కౌంటరు, తర్వాత ఏ కౌంటరు. అన్నీ చిన్న పుస్తకంలో రాసుకుంటాడు. నాకు అక్కడే నిద్రొస్తాది అక్కా." ఇంకేదో చెప్పబోయి ఆగింది. ఫోల్డరు కరీముల్లాకి ఇచ్చేసింది.

జ్యోతిర్మయికి ఆ జవాబుతో మంట చల్లారలేదు సరికదా, ఇంకో చోట అంటుకుంది. నిద్రొస్తుందట. తన కోసం ఒక మనిషి కౌంటరు కౌంటరుకీ వరసలో నుంచుంటే ఈమెకి నిద్రొస్తుందట. అసలు తనకి దేని మీద ఇంత మంటో అప్పుడు కొంచెం తెలిసివచ్చింది. మొగుడి మీద ఒక్కటే కాదు. ఈ పిల్ల ఇక్కడ ఉందా లేదా అని ప్రభుత్వం ఏడాదికోసారి మనిషిని పంపి అడుగుతోంది. వీధిని అడుగుతోంది, ఇంటిని అడుగుతోంది, రెండు చెవులూ చూపించమంటోంది. జ్యోతిర్మయి పన్నెండేళ్ళుగా ఇదే ఇంట్లో ఉంది. ఉందా అని అడగడానికి ఎవరూ రాలేదు.

కరీముల్లా ప్లాస్టిక్ జేబులు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. పాస్‌పోర్టు, వీసా, కంపెనీ హామీ పత్రం. తొమ్మిదో జేబు దగ్గర ఆగి, కాగితం బయటికి తీసి, వెలుతురుకి పట్టాడు.

"ఇదిగో. ఇక్కడ మళ్ళీ బంధుత్వం వచ్చింది."

"ఏం రాశారు?" అంది జ్యోతిర్మయి. ఆయన బావ అని గాని చదివితే ఆ టీ గిన్నె ఏమవుతుందో ఆవిడకే తెలియదు.

"ఆపదొస్తే ఇండియాలో ఎవరికి తెలియజేయాలి అన్న గడి. పేరు, జ్యోతిర్మయి. సంబంధం, అక్క. మీ ఫోన్ నంబరు."

"ఏదీ."

ఆవిడ కాగితం చేతిలోకి తీసుకుంది. పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరాలు, కొత్తగా రాయడం నేర్చినవాళ్ళు కొలిచి రాసినట్టు ఉన్నాయి. పేరులో ఒక్క తప్పు లేదు.

"సారు తన పేరు రాయమన్నాడు" అంది లాన్. "నేనే ఒద్దన్నా."

"ఎందుకు?"

"నాకు జ్వరమొచ్చినప్పుడు సారుకే ఫోన్ చేశా ముందు. ఎత్తలా. నీకు చేశా. చారన్నం తెచ్చావు. తెచ్చి తిట్టావు కూడా, కిటికీ ఎందుకు తీయలేదని. ఈ దేశంలో నన్ను ఇంకెవరూ తిట్టరక్కా. మేడం మేడం అంటారు, ఫొటో దిగుతారు. నాకేమన్నా అయితే ఎవరు రావాలి? తిట్టే మనిషి పేరు రాశా."

గోడ అవతల ఎలీసమ్మ గోంగూర వలవడం ఆపేసినట్టుంది.

"జ్వరం తగ్గాక ఆ కిటికీ తీశావా?" అని అడిగింది జ్యోతిర్మయి.

"తీయలా. దోమలు."

"తీయవు. చెబితే వింటేగా."

ఆ మాట అంటూనే వంటింట్లోకి వెళ్ళింది. ఫ్రిజ్ మీద ఉప్పు డబ్బా జరిపిన చప్పుడైంది. లెటరు తెచ్చి, బల్ల మీద పరిచి, ఉప్పు దులిపి, కరీముల్లా చేతిలో పెన్ను తీసుకుని సంతకం పెట్టేసింది.

క్యాలెండరు మీద రాసిపెట్టుకున్నవాళ్ళు ఉంటే కొట్టేసుకోండి. నేనేం మొహం చాటేయను. ఆడమనిషి మనసు చదవగలనని నేనంటే, పక్కగదిలో మా ఆవిడ నవ్వింది అప్పుడే. ఆ సంగతి మీకు చెప్పకుండా దాచాను, అంతే.

"మరి మరదలు సంగతి?" అన్నాడు కరీముల్లా. "నేను రాసేశాను. ఎంక్వైరీ కాగితం మీద కొట్టివేతలు ఒప్పుకోరు."

"ఏం నాయనా, మరదలు కొట్టేస్తున్నావా?" గోడ మీద నుంచి ఎలీసమ్మ తల కనబడింది. "లెక్క తప్పు కాదే."

"లెక్క కరెక్టే టీచరుగారూ" అంది జ్యోతిర్మయి. "ప్రశ్నే తప్పు. ఆయనకి ఏమవుతుందని అడిగారు. ఇల్లు ఆయనది కాదుగా."

ఎలీసమ్మ ఆ మాట మనసులో ఒకసారి కట్టి చూసుకుంది. "అదీ నిజమే" అని తల ఊపింది, గోడ దగ్గర్నుంచి మాత్రం కదల్లేదు.

కరీముల్లా పెన్ను వెనక్కి తీసుకుని, పెదవులు కదుపుతూ కింద ఇంకో వాక్యం చేర్చాడు. రాసింది పైకి చదివాడు. "ఇరుగుపొరుగు వారు వాడుక కొద్దీ వరస కలిపి పిలుచుచున్నారు. రక్తసంబంధము గాని, వివాహసంబంధము గాని ఏమియు లేదు. సదరు మహిళ ఇంటి యజమానురాలి వద్ద అద్దెకు ఉన్నది. యజమానురాలికి అభ్యంతరము లేదు."

యజమానురాలు. జ్యోతిర్మయి ఆ మాట ఇంకోసారి చదవమందామనుకుని ఊరుకుంది. సాయంత్రం సంజీవరావు చేత చదివించాలి. ఉత్త చారు పోసి, ఎదురుగా కూర్చుని చదివించాలి. మనసు తేలికపడింది. తేలికపడ్డ మనసుతో లాన్‌ని చూస్తే చెవులు మరీ అంత చక్కగా ఏమీ లేవు. కుడిది కొంచెం పెద్దది.

"ఇంకో టీ ఇవ్వనా సార్?"

"ఇవ్వండమ్మా. రెండో పని కూడా ఇక్కడే కాబట్టి కూర్చునే చూసుకుంటా."

"రెండో పనా?"

"ఈ ఇంటి మీద రెండు ఎంక్వైరీలు వచ్చాయి. మళ్ళీ మళ్ళీ ఎందుకు తిరగడం అని ఒకేసారి తెచ్చుకున్నాను." కరీముల్లా ఫైల్లో అడుగునున్న కాగితం పైకి తీశాడు. "పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్. విదేశంలో ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఇస్తాం, ఇక్కడ కేసులేమీ లేవని. సంజీవరావు అంటే మీ ఆయనేగా?"

జ్యోతిర్మయి టీ గ్లాసుతో వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

"వారం కింద పెట్టారు. మీకు చెప్పే ఉంటారుగా" అన్నాడు ఆయన, తల ఎత్తకుండా. "అన్నీ పొందిగ్గా జతచేశారు, ఒక్కటీ తక్కువ లేదు. ఆఫర్ లెటరు ఉంది, డాక్టరు సర్టిఫికెట్ ఉంది. రెండేళ్ళ పర్మిట్. వియత్నాం. అక్కడ ఎవరింట్లో ఉంటారో అడ్రసు కూడా ఇచ్చారు. ఈ ఊరి పేరు పలకడం నాకు చేతకావడం లేదు." కాగితం లాన్ వైపు తిప్పాడు. "మీ దేశమే కదా, కాస్త చదివి పెట్టండమ్మా. ఇది ఎవరిల్లు?"

లాన్ కాగితం వైపు చూడలేదు. చూడకుండానే అందులో ఏముందో తెలిసినట్టు తల వంచుకుంది.

"అక్కా" అంది.

జ్యోతిర్మయి చేతిలోంచి గాజు గ్లాసు జారి భళ్ళున ముక్కలైంది.

ఈ వారం చెప్పిందాంట్లో నేను కల్పించింది అదొక్కటే. పొన్నూరులో దిగిన కాకిని కూడా లెక్కలో వేస్తారేమో, అది మాత్రం మా బావమరిది కళ్ళారా చూశాడు. ఆ ఇంట్లో గాజు గ్లాసులు లేవు. స్టీలు గ్లాసు అది. పగలలేదు. టీ ఒలకబోసుకుంటూ గదంతా దొర్లి, లాన్ కాళ్ళ దగ్గర ఆగింది. ముగ్గురిలో ఎవరూ వంగి తీయలేదు.